పెద్ద ఓడల కోసం రేవు చానల్ విస్తరణ: నెల్లూరు తీరం దృష్టితో ప్రణాళిక వేసే విధానం

కండలేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో ఉన్న కృష్ణపట్నం రేవు 2008లో వాణిజ్య రవాణా మొదలుపెట్టింది. దానికి ఉత్తరాన గుడ్లూరు మండలంలోని రామాయపట్నంలో 2022లో పనులు మొదలైన మరో రేవు మొదటి దశలో నాలుగు బెర్తులతో (ఓడలు ఆగి సరుకు ఎక్కించే, దించే చోట్లతో) రూపుదిద్దుకుంటోంది. ఒకే తీరంలో రెండు రేవులు ఉన్నప్పుడు, పెద్ద ఓడ నిండు సరుకుతో ఎక్కడ నిలవగలిగితే బొగ్గు, ఖనిజాల వ్యాపారం అటే మొగ్గుతుంది. అందువల్ల చానల్‌ను, అంటే ఓడలు రేవుకు వచ్చేందుకు సముద్రపు నేలలో తవ్విన దారిని, లోతు చేద్దాం, వెడల్పు చేద్దాం అనే ప్రతిపాదన ఈ తీరంలో పదేపదే వస్తుంది. అటువంటి ప్రతిపాదనను తయారుచేసే యువ ఇంజినీర్లకు, దాన్ని చదివి అభిప్రాయం చెప్పవలసిన పంచాయతీ పెద్దలకు, మత్స్యకార సంఘాలకు పనికివచ్చేలా ఆలోచనా క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

సాధారణంగా ఈ ప్రణాళికలు ఓడతో మొదలై, తవ్వకం ఖర్చు దగ్గర ముగుస్తాయి. నిర్వహణ పూడికతీత, అంటే తవ్విన చానల్‌లో మళ్లీ చేరే మట్టిని ఏటా తీయడం అనే అంశం చివరి పేజీల్లో ఒక చిన్న పట్టికగా మిగిలిపోతుంది. ఇది తలకిందులైన పద్ధతి అని నా గట్టి నమ్మకం. తవ్వకానికి అప్పు ఒకసారి తెస్తారు. పూడిక మాత్రం రేవు ఉన్నంతకాలం ఏటా వస్తుంది. ఏటా వచ్చే ఆ ఇసుకను ఎవరు, ఎక్కడికి, ఏ డబ్బుతో తరలిస్తారో తేలిన తర్వాతే ఎంత లోతు తవ్వాలన్నది నిర్ణయించాలి. కింద చెప్పే ప్రతి అంశాన్నీ ఈ దృష్టితోనే చదవాలని మనవి.

ఏ సరుకు, ఏ ఓడ

మొదట సరుకును విడదీసి చూడాలి. కృష్ణపట్నం పరిసరాల్లో నేలటూరు దగ్గర ఉన్న థర్మల్ విద్యుత్ కేంద్రానికి బొగ్గు కావాలి; పంటపాళెం వైపు ఉన్న నూనె శుద్ధి కర్మాగారాలకు దిగుమతి వంటనూనె కావాలి. నూనె తెచ్చే ట్యాంకర్లకు సాధారణంగా అంత లోతు అక్కరలేదు. దూరదేశాల నుంచి వచ్చే బొగ్గుకు మాత్రం ఓడ ఎంత పెద్దదైతే టన్నుకు పడే కిరాయి అంత తగ్గుతుంది. కాబట్టి విస్తరణ వల్ల లాభపడేది ఏ సరుకో, రాబోయే 20, 25 ఏళ్లలో ఆ సరుకు నిలబడుతుందో లేదో ముందుగా తేల్చుకోవాలి. సౌర, పవన విద్యుత్తు పెరుగుతున్న కాలంలో బొగ్గు మీదనే ఆధారపడి చానల్ తవ్వడం ఎంతవరకు క్షేమమో నిష్కర్షగా అడగవలసిన ప్రశ్న.

తర్వాత లెక్కకు ఆధారమయ్యే ఓడను ఎంచుకోవాలి. పాత పనామా కాలువ కొలతలకు సరిపోయేలా కట్టిన పానమాక్స్ ఓడ వెడల్పు 32 మీటర్లకు కాస్త పైన ఉంటుంది. నిండుగా నింపితే 12 నుంచి 14 మీటర్ల వరకు నీటిలో మునుగుతుంది. అంతకన్నా పెద్దదైన కేప్‌సైజ్ ఓడ పొడవు సుమారు 290 మీటర్లు, వెడల్పు 45 మీటర్లు, నిండు సరుకుతో మునిగే లోతు సుమారు 18 మీటర్లు. ఈ మునిగే లోతునే రేవుల్లో డ్రాఫ్ట్ అంటారు. ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే రాగల అతిపెద్ద ఓడను ఆధారంగా తీసుకుంటే చానల్ అవసరానికి మించి పెద్దదవుతుంది, ఆ అదనపు లోతులో పడే పూడికను మాత్రం ఏడాది పొడవునా తీయవలసి వస్తుంది. తరచుగా వచ్చే ఓడను ఆధారంగా పెట్టుకుని, అరుదుగా వచ్చే ఓడను పోటు సమయంలోనో, కొంత సరుకు తగ్గించుకునో తీసుకురావడం మేలైన పద్ధతి.

లోతు లెక్క

18 మీటర్ల డ్రాఫ్ట్ ఉన్న ఓడకు 18 మీటర్ల నీరు ఏమాత్రం చాలదు. ఆ రెండింటి మధ్య ఉండవలసిన ఖాళీని ఒక్కో కారణానికి విడిగా లెక్కగట్టి కూడాలి. అంతర్జాతీయ నౌకామార్గ నిపుణుల సంఘం పియాంక్ 2014లో ప్రచురించిన 121వ నివేదిక, మన భారతీయ ప్రమాణం ఐఎస్ 4651 ఈ పనికి ఆధారాలు. పద్ధతి అర్థం కావడానికి ఒక ఉదాహరణ చేసి చూద్దాం.

ఓడ నడుస్తున్నప్పుడు దాని కిందుగా నీరు వేగంగా వెనక్కి పారుతుంది, అక్కడ ఒత్తిడి తగ్గి ఓడ అదనంగా కిందికి దిగుతుంది. దీన్ని స్క్వాట్ అంటారు. వాడుకలో ఉన్న సులభ సూత్రం ప్రకారం, వేగాన్ని నాట్లలో (ఓడల వేగాన్ని కొలిచే ప్రమాణంలో) తీసుకుని దాని వర్గాన్ని ఓడ ఆకార గుణకంతో (నీటిలో మునిగిన భాగం పెట్టె ఆకారానికి ఎంత దగ్గరగా ఉందో చెప్పే అంకెతో) గుణించి, విశాలమైన నీటిలో అయితే 100తోనూ, ఇరుకైన చానల్‌లో అయితే 50తోనూ భాగిస్తే స్క్వాట్ మీటర్లలో వస్తుంది. బొగ్గు ఓడల ఆకార గుణకం సుమారు 0.85. 8 నాట్ల వేగంతో విశాలమైన నీటిలో 0.54 మీటర్లు, ఇరుకులో 1.09 మీటర్లు వస్తుంది. తవ్విన బయటి చానల్ ఈ రెండింటికీ మధ్యస్థం కనుక 0.8 మీటర్లు అనుకుందాం. గాలికో, మలుపుకో ఓడ ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగితే 45 మీటర్ల వెడల్పున్న ఓడ అంచు దాదాపు 0.4 మీటర్లు కిందికి దిగుతుంది. అలల మీద ఊగడానికి ఒక మీటరు పెడదాం. అసలు ప్రణాళికలో ఇది ఊహగా ఉండకూడదు, అలల కొలతల నుంచి రావాలి. కండలేరు నుంచి మంచినీరు దిగే రోజుల్లో మొగ దగ్గర నీటి సాంద్రత ఒక శాతం తగ్గినా ఓడ దాదాపు 0.2 మీటర్లు ఎక్కువ మునుగుతుంది. వీటన్నిటి తర్వాత కూడా ఓడ అడుగుకు, నేలకు మధ్య ఇసుక నేలలో కనీసం అర మీటరు మిగలాలి. రాతినేల అయితే అంతకు రెట్టింపు ఉంచడం క్షేమం. మొత్తం కూడితే 20.9 మీటర్లు అవుతుంది. రెండు పూడికతీతల మధ్య పేరుకునే మట్టికి, తవ్వకంలో వచ్చే హెచ్చుతగ్గులకు మరో అర మీటరు చేర్చితే 21.4 మీటర్ల దాకా తవ్వాలి.

ఈ లెక్కలో ప్రతి సెంటీమీటరుకూ ఖర్చు ఉంది. పది కిలోమీటర్ల పొడవు, 225 మీటర్ల వెడల్పు ఉన్న చానల్‌ను ఒక్క మీటరు లోతు చేస్తే, పక్కవాలులు కలపకుండానే 22.5 లక్షల ఘనపు మీటర్ల మట్టి తీయాలి. అది అక్కడితో ఆగదు. సముద్రపు నేల ప్రతి 500 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలుతోందనుకుంటే, ఒక మీటరు లోతు పెంచినప్పుడు చానల్ కూడా సముద్రంలోకి మరో 500 మీటర్లు పొడవు పెరుగుతుంది. ఆ అదనపు పొడవులోనూ ఇసుక పడుతుంది.

అందుకని తవ్వకుండా లోతు సంపాదించే మార్గాలను ముందు వెతకాలి. వేగాన్ని 10 నాట్ల నుంచి 8 నాట్లకు తగ్గిస్తే స్క్వాట్ 36 శాతం తగ్గుతుంది, అంటే మన ఓడకు విశాలమైన నీటిలో 0.3 మీటర్లు, ఇరుకులో 0.6 మీటర్లు కలిసివస్తుంది. పోటు మీద ఆశ పెట్టుకునే అవకాశం మన తీరంలో తక్కువ. గుజరాత్ తీరపు రేవుల్లో ఆటుపోట్ల తేడా ఎన్నో మీటర్లు ఉంటుంది. నెల్లూరు తీరంలో అమావాస్య, పౌర్ణముల పోటులో కూడా ఆ తేడా ఒక మీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. అయినా ఆ కొద్దిపాటి లాభాన్ని వదులుకోకూడదు. అలలను, నీటిమట్టాన్ని ఎప్పటికప్పుడు కొలిచి, ఆ రోజు ఆ ఓడ ఎంత డ్రాఫ్ట్‌తో రావచ్చో చెప్పే ఏర్పాటు ఉంటే, ఏడాదిలో ఎక్కువ రోజులు తక్కువ తవ్వకంతోనే పని జరుగుతుంది.

వెడల్పు, మలుపు, ఓడ తిరిగే చోటు

వెడల్పును ఓడ వెడల్పుకు రెట్లుగా లెక్కిస్తారు. ఓడ స్వభావాన్ని బట్టి నడవడానికి కావలసిన ప్రాథమిక బాట ఓడ వెడల్పుకు 1.3 నుంచి 1.8 రెట్లు ఉంటుంది. దానికి అడ్డుగాలికి, అడ్డు ప్రవాహానికి, అలలకు, బోయల (చానల్ అంచును చూపే తేలే గుర్తుల) దూరానికి, నేల స్వభావానికి, గట్టుకు ఎడంగా ఉండడానికి విడివిడిగా కొంత కొంత చేర్చాలి. మొత్తం ఐదు రెట్లు వచ్చిందనుకుంటే పానమాక్స్ ఓడకు 161 మీటర్లు, కేప్‌సైజ్ ఓడకు 225 మీటర్లు అవసరమవుతుంది.

ఇక్కడ లోతుకూ వెడల్పుకూ మధ్య ఒక పేచీ ఉంది, దాన్ని ప్రణాళికలో తప్పక పరిష్కరించాలి. చానల్‌కు అడ్డంగా ఒక నాటు ప్రవాహం ఉంటే, ఓడ ముందుకు నేరుగా వెళ్లాలంటే ప్రవాహానికి ఎదురుగా కాస్త ఏటవాలుగా తిరిగి నడవాలి. 8 నాట్ల వేగంలో ఆ కోణం 7 డిగ్రీలు దాటుతుంది. 290 మీటర్ల పొడవున్న ఓడ అప్పుడు తన వెడల్పు కాక మరో 36 మీటర్ల బాటను ఆక్రమిస్తుంది. అదే 6 నాట్లకు తగ్గితే ఆ అదనం 48 మీటర్లవుతుంది. వేగం తగ్గిస్తే లోతు మిగులుతుంది, వెడల్పు ఖర్చవుతుంది. మన తీరంలో ప్రవాహాలు నైరుతి కాలంలో ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి తీరం వెంబడి సాగుతాయి. తీరం నుంచి తూర్పుగా సముద్రంలోకి సాగే చానల్‌కు అవి అడ్డంగానే తగులుతాయి. కాబట్టి ఒకే వేగ నిబంధన చానల్ మొత్తానికి పెట్టకుండా, బయటి భాగానికి ఒకటి, అలల నుంచి రక్షణ ఉన్న లోపలి భాగానికి ఒకటి నిర్ణయించడం మంచిది.

రేవు రద్దీగా ఉన్నప్పుడు అడ్డంకి లోతా, వెడల్పా అన్నది విడిగా పరిశీలించాలి. అమెరికాలోని హ్యూస్టన్ చానల్‌ను గాల్వెస్టన్ అఖాతంలో 530 అడుగుల నుంచి 700 అడుగులకు, అంటే సుమారు 160 మీటర్ల నుంచి 213 మీటర్లకు వెడల్పు చేసే పని 2022లో మొదలుపెట్టారు. పెద్ద ఓడ వస్తే ఎదురు ఓడలను ఆపవలసి రావడమే అక్కడి ప్రధాన ఇబ్బంది. సూయెజ్ కాలువలో 2021 మార్చిలో 400 మీటర్ల పొడవున్న ఎవర్ గివెన్ బలమైన గాలుల నడుమ అడ్డం తిరిగి ఆరు రోజుల పాటు దారి మూసేసిన తర్వాత, ఈజిప్టు దక్షిణ భాగాన్ని 40 మీటర్లు వెడల్పు చేయాలని నిర్ణయించింది. మన రేవుల్లో చానల్ పొట్టిది. పది కిలోమీటర్ల దూరాన్ని 8 నాట్లతో నడిస్తే 40 నిమిషాలు పడుతుంది. రోజుకు ఎనిమిది ఓడలు వచ్చి ఎనిమిది వెళ్లినా, ఒక్కొక్కటిగా నడిపితే పదకొండు గంటల లోపే అయిపోతుంది. రెండు ఓడలు ఎదురెదురుగా పోయే వెడల్పు కోసం కోట్లు పోసే ముందు, ఓడలను వరుసకట్టి లోపలికి, తర్వాత వరుసకట్టి బయటికి పంపే సమయపట్టికను, రాత్రివేళ నడపడానికి కావలసిన దీపాల బోయలను, రాడార్ పర్యవేక్షణను పరీక్షించి చూడాలి. చాలా సందర్భాల్లో అవే సరిపోతాయని నా అభిప్రాయం.

ఓడ తిరిగే వలయానికి ఓడ పొడవుకు రెండు రెట్ల వ్యాసం కావాలి; కేప్‌సైజ్‌కు అది 580 మీటర్లు. ఓడను నెట్టి, లాగి తిప్పే టగ్గుల బలం కూడా ఓడతో పాటు పెరగాలి. తరచుగా మరిచిపోయే విషయం బెర్తు గోడ. చానల్‌తో సమానంగా బెర్తు ముందు నేలను కూడా లోతు చేస్తే, పాత గోడ అడుగుకు ఆనుకుని దన్నుగా ఉన్న మట్టి తగ్గిపోతుంది. గోడ ఆ లోతుకు కట్టినదా కాదా అని మూల నక్షాలు తీసి చూడకుండా అక్కడ డ్రెడ్జర్‌ను, అంటే నేల తవ్వే నౌకను, దించకూడదు. ఇదంతా కాగితం మీద అయ్యాక, ఆ రేవులోనే ఓడలకు దారి చూపే పైలట్ల చేత ఓడ సిమ్యులేటర్ మీద నడిపించి చూడాలి. వారు కుదరదన్న మలుపును మార్చి తీరాలి.

ఇసుక లెక్క

మన తూర్పు తీరంలో ఇసుక నిలకడగా ఉండదు. దాదాపు మార్చి నుంచి అక్టోబరు దాకా దక్షిణపు అలలు దాన్ని ఉత్తరానికి తోస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యపు అలలు వెనక్కి, దక్షిణానికి తెస్తాయి. మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ, అది ఏటా లక్షల ఘనపు మీటర్లలో ఉంటుంది. ఈ ప్రవాహానికి అడ్డంగా అలకట్ట కట్టినా, లోతైన చానల్ తవ్వినా, ఇసుక దక్షిణం వైపు ఆగి మేట వేస్తుంది, ఉత్తరం వైపు తీరానికి రావలసిన వాటా రాక కోత పడుతుంది. చెన్నై రేవు కట్టిన తర్వాత దక్షిణాన మెరీనా తీరం విశాలంగా పెరగడానికి, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఊళ్లలోకి చొచ్చుకురావడానికి కారణం ఇదే.

కృష్ణపట్నానికి ఉత్తరాన కోడూరు, మైపాడు తీరాలు ఉన్నాయి. చానల్ విస్తరణ వల్ల ఆ తీరాలకు వెళ్లే ఇసుక ఎంత తగ్గుతుందో ప్రణాళికలో అంకెల్లో కనిపించాలి. ఇందులో నదుల పాత్ర కూడా ఉంది. పెన్న రేవుకు ఉత్తరాన సముద్రంలో కలుస్తుంది కాబట్టి నైరుతి కాలంలో దాని ఇసుక చానల్ వైపు రాదు, ఈశాన్య కాలంలో మాత్రం రాగలదు. సోమశిల, కండలేరు జలాశయాలు కట్టాక నదులు తెచ్చే ఇసుకలో చాలా భాగం అక్కడే ఆగిపోతోంది. అంటే తీరానికి పైనుంచి వచ్చే రాబడే తగ్గిన చోట మనం మరో ఖర్చు పెట్టబోతున్నాం.

దీనికి కొలతలు కావాలి. కనీసం ఒక పూర్తి సంవత్సరం, రెండు ఋతుపవనాలూ కలిసొచ్చేలా అలలు, ప్రవాహాలు, నీటిలో తేలే మట్టి కొలవాలి. సముద్రగర్భ సర్వేలో రెండు తరంగాలు వాడే ఎకో సౌండర్ ఉండాలి. దాదాపు 200 కిలోహెర్ట్జ్ తరంగం మెత్తటి బురద పైపొరను తాకి తిరిగివస్తుంది. 33 కిలోహెర్ట్జ్ తరంగం ఆ బురదను దాటి గట్టినేలను చూపిస్తుంది. ఈ రెండు గీతలు ఎక్కడ కలిసి ఉన్నాయో అక్కడ ఇసుక, ఎక్కడ విడిపోయాయో అక్కడ పలుచని బురద అని నక్షాను చూస్తూనే చెప్పవచ్చు. రాటర్‌డామ్‌లో ఘనపు మీటరుకు 1,200 కిలోల సాంద్రత దాకా ఉన్న బురదను ఓడ నడవదగిన లోతుగానే లెక్కిస్తారు. మన మొగల దగ్గర బురద పొర ఉంటే ఇలాంటి నియమాన్ని పరీక్షించి పెట్టుకోవడం వల్ల ఏటా తీసే మట్టి తగ్గుతుంది. నేల లోపలి పొరల కోసం బోర్లు చానల్ మధ్యగీత మీదనే వేస్తే చాలదు, వాలులు పడే అంచుల్లో కూడా వేయాలి. వదులు ఇసుకలో వాలు 1:6 కన్నా నిటారుగా పెడితే జారి మళ్లీ చానల్‌లోకే వస్తుంది. 4 మీటర్ల లోతు కోతలో 1:6 వాలు రెండు పక్కలా కలిపి 96 చదరపు మీటర్ల అడ్డుకోత అదనం. 225 మీటర్ల అడుగుభాగపు 900 చదరపు మీటర్లకు ఇది పది శాతం పైనే. దీన్ని వదిలేసిన అంచనా మొదటి ఏడాదే తప్పుతుంది.

ఈ కొలతల ఆధారంగా పుణేలో 1916 నుంచి పనిచేస్తున్న కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం వంటి సంస్థలతోనో, ఐఐటీ మద్రాసులోని సముద్ర ఇంజినీరింగ్ నిపుణులతోనో గణిత నమూనాలు చేయించాలి. నమూనాను నమ్మే ముందు ఒక పరీక్ష పెట్టాలి: గడిచిన సంవత్సరాల్లో రేవు నిజంగా తీసిన పూడిక పరిమాణాన్ని ఆ నమూనా చెప్పగలగాలి. పాత లెక్కలను చెప్పలేని నమూనా కొత్త చానల్ గురించి చెప్పే అంకెను ఒప్పుకోకూడదు. మామూలు సంవత్సరంతో పాటు తుపాను సంవత్సరాన్ని కూడా నడిపి చూడాలి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ ఈ తీరం ఎరిగినవే. ఒకే తుపానులో చానల్ ఎంత పూడుతుంది, దాన్ని తెరవడానికి ఎన్ని రోజులు పడుతుంది, ఆ రోజుల్లో విద్యుత్ కేంద్రానికి బొగ్గు నిల్వ సరిపోతుందా అన్నవి ఒకే ప్రశ్నలోని మూడు భాగాలు.

లెక్క తేలిన తర్వాత ఏటా పూడిక ఖర్చును, పెద్ద ఓడల వల్ల కిరాయిలో మిగిలే డబ్బుతో పోల్చాలి. మిగులు కన్నా పూడిక ఖర్చు ఎక్కువైతే ఒక మీటరు తగ్గించి మళ్లీ లెక్క చేయాలి. సిగ్గుపడవలసిన పని కాదది. ప్రణాళికలో అన్నిటికన్నా విలువైన ఫలితం అదే కావచ్చు.

తీసిన మట్టి ఎటు పోవాలి

మంచి ఇసుకను లోతు సముద్రంలో పారబోయడం తీరానికి చేసే అన్యాయం. చానల్‌లో ఆగిన ఇసుక ఉత్తరపు ఊళ్లకు చెందవలసిన వాటా కనుక దాన్ని ఉత్తరపు తీరానికే చేర్చాలి. విశాఖపట్నంలో రేవు తన ఇసుక ఉచ్చులో (కొట్టుకొచ్చే ఇసుక పడేలా తవ్విన గోతిలో) పట్టిన ఇసుకను రామకృష్ణా బీచ్ మీద పోయించడం తెలుగువారందరూ చూసిన పద్ధతే. మనకు కూడా దక్షిణపు అలకట్ట పక్కన ఇసుక ఉచ్చు తవ్వి, అక్కడి నుంచి ఏటా కోడూరు, మైపాడు వైపు తరలించే ఏర్పాటును విస్తరణ ఖర్చులో భాగంగానే చూపాలి, తర్వాతి దశకు వాయిదా వేయకూడదు. బంకమట్టి, బురద అందుకు పనికిరావు. వాటికి సముద్రంలో వేసే చోటును ప్రవాహాల నమూనాతో ఎంచుకోవాలి. వేసిన బురద తిరిగి చానల్‌లోకో, వేట జరిగే చోట్లకో రాకూడదు. రేవు లోపలి మట్టిలో భారలోహాలు, నూనె ఉన్నాయేమో ముందే పరీక్షించాలి.

రొయ్యల చెరువులు, వేట పడవలు

కండలేరు ఉప్పుటేరు వెంట, ముత్తుకూరు, తోటపల్లి గూడూరు, ఇందుకూరుపేట మండలాల్లో రొయ్యల సాగు విస్తారంగా ఉంది. చెరువులకు ఏటి నీరు తోడుకునే రైతుకు తవ్వకం రోజుల్లో కలిగే బురదనీరు ప్రత్యక్ష నష్టం. మొగ లోతైతే పోటు నీరు ఏటిలో ఇంకా పైకి ఎక్కుతుంది, దానితో ఉప్పు కూడా ఎక్కుతుంది. చుట్టుపక్కల తాగునీటి బావులపై దాని ప్రభావాన్ని తవ్వకానికి ముందే కొలిచి పెట్టుకోవాలి. ముందు కొలత లేకపోతే తర్వాత వచ్చే ఫిర్యాదు నిజమో కాదో తేల్చే దారి ఎవరికీ ఉండదు, రైతు నష్టపోతాడు. నీరు తోడుకునే వేళల్లో డ్రెడ్జర్‌ను ఏటి లోపలి భాగం నుంచి తప్పించే పట్టికను రైతులతో కూర్చుని రాసుకోవచ్చు.

మత్స్యకారుల విషయం ఇంకా లోతైనది. తెల్లవారుజామున వేటకు వెళ్లే ఫైబర్ బోటు చానల్‌ను అడ్డంగా దాటుతుంది. అంతర్జాతీయ భద్రతా నియమం ప్రకారం ఓడ నడిపే గది నుంచి ముందున్న నీటిమట్టం కనబడని దూరం రెండు ఓడ పొడవులకో, 500 మీటర్లకో, ఏది తక్కువైతే దానికి మించకూడదు. ఇది పెద్ద ఓడకు పెట్టిన పరిమితే అయినా, దాని అర్థం ఓడ ముందు 500 మీటర్ల లోపున్న చిన్న బోటు పైలట్ కంటికి అసలు కనబడకపోవచ్చని. నిండు సరుకుతో ఉన్న కేప్‌సైజ్ ఆ దూరంలో ఆగజాలదు. చానల్ పొడవు పెరిగితే బోట్లు చుట్టి వెళ్లవలసిన దూరం, కాలే డీజిల్ కూడా పెరుగుతాయి. అందుకని బోట్లు దాటే చోట్లను నక్షాలో గుర్తించి, ఓడ వచ్చే వేళలను ముందురోజే తెలుగులో, ఫోను సందేశంగానూ ఊరి మైకులోనూ తెలియజేసే ఏర్పాటు ఉండాలి. బోయల రంగులు కూడా అందరికీ చెప్పాలి: మన దేశం పాటించే పద్ధతిలో సముద్రం నుంచి రేవులోకి వస్తుంటే ఎడమ చేతి వైపు ఎరుపు, కుడి చేతి వైపు ఆకుపచ్చ. బోయకు వల తగిలించకూడదన్న మాట ఊరి కాపులు, అంటే మత్స్యకార గ్రామ పెద్దలు, తామే దురాయిగా (ఊరి కట్టుబాటుగా) ప్రకటిస్తే, అధికారి నోటీసు కన్నా అది బలంగా నిలుస్తుంది. అలా ప్రకటించాలంటే వారు ప్రణాళిక చర్చలో మొదటి నుంచీ కూర్చుని ఉండాలి, నష్టపరిహారం పంచే రోజున మాత్రమే కాదు.

ఏ నెలల్లో తవ్వాలి

మన తీరపు క్యాలెండర్ ఈ ప్రశ్నకు చాలావరకు తానే జవాబిస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. పీల్చి తవ్వే డ్రెడ్జర్ తల వాటిని లాగేయగలదు. ఆ కాలంలో బయటి చానల్‌లో పని ఆపడమే మేలు, తప్పనప్పుడు తాబేళ్లను పక్కకు తోసే పరికరం తలకు బిగించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో బోట్ల రాకపోకలు తక్కువ, కాబట్టి బయటి చానల్‌లో బరువైన పనికి అదే సరైన అదను. ఆ తర్వాత సెప్టెంబరు దాకా అలలను బట్టి కొనసాగించవచ్చు.

రేవు నడుస్తూనే ఉంటుంది కనుక చానల్‌ను సగం సగంగా తవ్వాలి. తనంత తానే కదిలే హాపర్ డ్రెడ్జర్ ఓడ వస్తే పక్కకు తప్పుకోగలదు. లంగర్లు, తీగలతో కట్టి నిలిపే కట్టర్ డ్రెడ్జర్‌కు అది కష్టం. బయటి చానల్‌కు మొదటిది, లోపలి గట్టినేలకు రెండోది అన్నది సాధారణ విభజన. విశాఖపట్నం కేంద్రంగా 1976లో ఏర్పడిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌తో సహా ఎవరు టెండరు వేసినా, ఓడకు దారివ్వడం వల్ల పోయే గంటలకు ఎవరు డబ్బు ఇవ్వాలో ఒప్పందంలో ముందే రాసి ఉండాలి.

అనుమతులు, కొలత, చెల్లింపు

2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లో రేవులు ముందస్తు అనుమతి కావలసిన పనుల జాబితాలో 7(ఇ) కింద వస్తాయి. 2009 సవరణ కొత్త లోతుకు చేసే తవ్వకాన్ని కూడా అందులో చేర్చింది. నిర్వహణ పూడికతీతకు మినహాయింపు ఉంది, కాని అది అనుమతి పొందిన మొదటి ప్రతిపాదనలోనూ, పర్యావరణ నిర్వహణ ప్రణాళికలోనూ ఉండి ఉండాలి. ఏటా వచ్చే పూడికను తక్కువ చేసి చూపిన ప్రతిపాదన తర్వాత చట్టపరంగా కూడా ఇబ్బందిలో పడుతుందన్నమాట. 2019 తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ ప్రకారం మడ అడవులున్న చోటు అత్యంత రక్షితం; చానల్ వాలు వాటి వేళ్ల దాకా రాకుండా చూడాలి.

ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశాన్ని తెలుగులో అందించాలి. ఆ సారాంశంలో నాలుగు విషయాలు ఉన్నాయేమో చూడమని గ్రామస్థులకు నా సలహా: ఏటా తీసే పూడిక ఎంత, అది ఎక్కడికి పోతుంది, ఉత్తరపు తీరం ఎంత కోతకు గురవుతుంది, ఏటి నీటిలో ఉప్పు ఎంత పెరుగుతుంది. ఈ నాలుగింటికీ అంకెలు లేకపోతే సభలోనే అడిగి, సమాధానాన్ని సభా నివేదికలో నమోదు చేయించుకోవాలి.

చెల్లింపును డ్రెడ్జర్ తొట్టిలోని మట్టిని కొలిచి కాకుండా, తవ్వకానికి ముందు, తర్వాత సముద్రపు నేలను కొలిచి, ఆ రెండు సర్వేల తేడాను బట్టి చేయాలి. నీటితో ఉబ్బిన మట్టి తొట్టిలో ఎక్కువగా కనిపిస్తుంది. రెండు సర్వేలూ ఇరుపక్షాల సమక్షంలో, ఒకే పరికరంతో, ఒకే నీటిమట్ట ఆధారంతో జరగాలి.

పని పూర్తయ్యాక కూడా ఉత్తర, దక్షిణ తీరాల్లో స్థిరమైన గుర్తురాళ్లు పాతి, ప్రతి ఋతుపవనానికి ముందు, తర్వాత తీరరేఖను కొలవాలి. కోత ఎన్ని మీటర్లు దాటితే ఆ ఏడాది ఇసుక తరలింపును పెంచాలో ఆ హద్దును ఒప్పందంలోనే అంకెగా రాయాలి. ఆ కొలతల పట్టికను ప్రతి ఏడాదీ కోడూరు, మైపాడు పంచాయతీ కార్యాలయాల్లో తెలుగులో అతికించే బాధ్యతను రేవు నిర్వాహకుల మీద పెట్టాలి, అందుకయ్యే సొమ్మును నిర్వహణ పూడికతీత పద్దులోనే ఏటా కేటాయించాలి.